వెండి ఎజైడ్ వెలుతురుకి నల్లబడుతుంది, సోడియం ఎజైడ్ ఎందుకు నల్లబడదు?

నాగావళి_గట్టు (శ్రీకాకుళం), రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ రెండో ఏడాది చదువుతున్నాను. సెమినార్‌కి చీటీలు తీస్తే నాకు వచ్చిన టాపిక్ "లోహ ఎజైడ్ల మీద కాంతి ప్రభావం". మా బ్యాచ్‌లో అందరికీ పాలిమర్లు, నానో కణాలు వచ్చాయి, నాకు మాత్రం ఇది. ఇంకా పది రోజులే ఉంది, టెన్షన్‌గా ఉంది.

ఎజైడ్ అయాన్ అంటే మూడు నైట్రోజన్లు ఒకే గీతలో ఉంటాయని, దానికీ కార్బన్ డయాక్సైడ్‌కీ ఎలక్ట్రాన్ల లెక్క ఒకటేనని తెలుసు. పుస్తకంలో మాత్రం "కాంతి సోకినప్పుడు విఘటనం చెంది లోహాన్ని, నైట్రోజన్‌ను ఇస్తాయి" అని ఒక్క వాక్యం రాసి వదిలేశారు. నాకు అర్థం కానివి ఇవి. వెలుతురులో పెడితే వెండి ఎజైడ్ మెల్లగా నల్లబడుతుందట, బలమైన ఫ్లాష్ పడితే అదే పదార్థం పేలుతుందట. రెండూ కాంతే కదా, తేడా ఎక్కడ? మా ల్యాబ్‌లో సోడియం ఎజైడ్ సీసా ఏళ్ల తరబడి బీరువాలో ఉంది, దానికి ఏమీ కాలేదు. ఎందుకు?

---

కోట_జంక్షన్ (విజయనగరం), రాత్రి 9:58

తమ్ముడూ, ఇందులో పెద్ద రహస్యం లేదు. కాంతి అంటే శక్తి, శక్తి పడితే వేడెక్కుతుంది, వేడెక్కితే విడిపోతుంది. తక్కువ కాంతికి తక్కువ వేడి, ఫ్లాష్‌కి ఎక్కువ వేడి. నేను సోలార్ ప్యానెళ్లు బిగించే పనిలో ఉన్నాను, ఎండలో ఏది ఎంత వేడెక్కుతుందో రోజూ చేత్తో పట్టుకుని చూస్తున్నవాణ్ని.

---

పలాస_జీడి, రాత్రి 10:05

చేత్తో పట్టుకుని చూసే పద్ధతి ఎజైడ్ల విషయంలో మాత్రం పాటించకండి అన్నయ్యా 😄

---

పాత_లెక్చరర్ (విజయనగరం), రాత్రి 10:47

కోట జంక్షన్ గారి ప్యానెల్‌తోనే మొదలుపెడదాం. ప్యానెల్ కరెంటు ఇచ్చేది వేడి వల్ల కాదు కదా. అదే ఎండలో ప్యానెల్ వేడెక్కేకొద్దీ వచ్చే విద్యుత్తు తగ్గుతుందని మీరే కస్టమర్లకు చెబుతుంటారు. అక్కడ పని చేసేది ఫోటాన్, అంటే కాంతి కణం. సిలికాన్‌లో ఒక ఎలక్ట్రాన్‌ని కింది మెట్టు నుంచి పై మెట్టుకి ఎక్కించడం దాని పని. ఎజైడ్ స్ఫటికంలోనూ మొదటి అడుగు అదే.

బాబూ నాగావళీ, ఎజైడ్ స్ఫటికంలో కింది మెట్టు దాదాపు మొత్తం ఎజైడ్ అయాన్ల సొత్తు. పై మెట్టులో లోహం వాటా పెద్దది. ఫోటాన్ పడగానే ఎజైడ్ దగ్గరున్న ఎలక్ట్రాన్ లేచి లోహం వైపు వెళుతుంది. ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న ఎజైడ్ ఇక అయాన్ కాదు, ఎజైడ్ రాడికల్, అంటే జత లేని ఎలక్ట్రాన్‌తో మిగిలిన ముక్క. కాంతి స్వయంగా చేసే పని ఇంతవరకే, తర్వాతది రసాయనం చూసుకుంటుంది.

ఆ రెండు మెట్ల మధ్య గట్టు ఎత్తు లోహాన్ని బట్టి మారుతుంది. వెండి, సీసం లాంటివి ఎలక్ట్రాన్‌ని సులువుగా తీసుకుంటాయి కాబట్టి వాటి ఎజైడ్లకు గట్టు తక్కువ, అతినీల-ఊదా సరిహద్దులో ఉన్న కాంతి చాలు. సోడియానికి ఎలక్ట్రాన్ అంటగట్టడం చాలా కష్టం. దాని గట్టు ఎత్తు, లోతైన అతినీల కాంతి కావాలి. అలాంటి కాంతి మన గదుల్లోకి రాదు. సుమారు 300 నానోమీటర్ల కిందిది ఓజోన్ పొర దగ్గరే ఆగిపోతుంది, మిగిలినదాంట్లోనూ కొంత కిటికీ అద్దం ఆపేస్తుంది. మీ సీసా బీరువాలో ప్రశాంతంగా ఉండడానికి ఇదొక కారణం.

లెక్క కావాలంటే ఒక చిన్న చిట్కా. 1,19,600ని తరంగదైర్ఘ్యంతో, అంటే నానోమీటర్లతో భాగించు, మోల్‌కి ఎన్ని కిలోజూల్సో వస్తుంది. 650 ఎరుపుకి 184. 450 నీలానికి 266. 365కి 328. 254కి 471. ఎర్ర బల్బులు పది వెలిగించినా ఒక్కో ఫోటాన్ 184 దగ్గరే ఉంటుంది. మోకాలెత్తు దూకేవాడు వెయ్యిసార్లు దూకినా మెడలోతు గట్టు దాటలేడు కదా.

---

కోట_జంక్షన్, రాత్రి 11:02

ప్యానెల్ మాట బాగానే పట్టుకున్నారు మాస్టారూ. కానీ ప్యానెల్ ఇరవై ఏళ్లు ఎండలో ఉన్నా విడిపోదు. ఎజైడ్ మాత్రం విడిపోతోంది. ఎలక్ట్రాన్ లేవడం రెండింట్లోనూ ఉంది. మరి విడగొట్టింది వేడే కదా?

---

పాత_లెక్చరర్, రాత్రి 11:30

ఇది మంచి ప్రశ్న. నాగావళీ, నీ సెమినార్‌కి వెన్నెముక ఇదే, రాసుకో.

కాంతిని పీల్చే పదార్థాలు లోకంలో కోకొల్లలు. చాలావాటిలో లేచిన ఎలక్ట్రాన్ క్షణంలో అతి చిన్న వంతులో వెనక్కి వచ్చి కూర్చుంటుంది. తెచ్చుకున్న శక్తి వేడిగానో, వేరే రంగు కాంతిగానో పోతుంది, పదార్థం చెక్కుచెదరదు. పలాస ప్యాసింజర్‌లో సీటు మీద తువ్వాలు వేసి టీ తాగడానికి దిగినట్టు, మళ్లీ వచ్చి అదే సీట్లో కూర్చోవచ్చు. ఎజైడ్‌లో అయితే దిగిన ఎలక్ట్రాన్ తిరిగొచ్చేసరికి సీటే మాయం.

ఎలాగంటే, ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న రెండు ఎజైడ్ రాడికల్స్ దగ్గరైతే ఆరు నైట్రోజన్ పరమాణువులూ మూడు నైట్రోజన్ అణువులుగా జత కడతాయి. నైట్రోజన్ అణువులో మూడు బంధాలు, తెంచాలంటే మోల్‌కి 945 కిలోజూల్స్ కావాలి. రెండు పరమాణువుల అణువుల్లో ఇంత గట్టివి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అంత గట్టిగా జత కట్టినవి మళ్లీ ఎజైడ్ కావు, పైగా వాయువు కాబట్టి స్ఫటికం వదిలి పోతాయి.

రెండో వైపు, ఆ ఎలక్ట్రాన్‌ని వెండి అయాన్ పట్టుకుంటే వెండి పరమాణువు అవుతుంది. అలాంటివి కొన్ని ఒకచోట చేరితే చిన్న వెండి చుక్క, మనకు నల్లగా కనిపించేది అదే. అటు సీటు పోయింది, ఇటు ప్రయాణికుడు కొత్త ఇంట్లో స్థిరపడ్డాడు. ఇక వెనక్కి రావడం ఎక్కడ?

---

పలాస_జీడి, రాత్రి 11:34

పలాస ప్యాసింజర్‌లో తువ్వాలు ఉన్నా సీటు ఉండదు మాస్టారూ. మాది ఎజైడ్ రైలు.

---

నాగావళి_గట్టు, రాత్రి 11:50

మాస్టారూ, ఇప్పుడు వెలిగింది. అంటే ఫోటోగ్రఫీ ఫిల్ములో వెండి బ్రోమైడ్ కథ కూడా ఇదేనా? అక్కడా వెండి చుక్కలే కదా?

---

పాత_లెక్చరర్, మరుసటి రోజు ఉదయం 6:15

అన్నదమ్ముల వరస. ఫిల్ములో కనిపించని బింబం ఎలా ఏర్పడుతుందో 1938లో గర్నీ, మాట్ అనే ఇద్దరు వివరించారు. ముందు ఎలక్ట్రాన్ ఒక చోట చిక్కుకుంటుంది, స్ఫటికంలో అటూఇటూ కదిలే వెండి అయాన్ దాని దగ్గరకు నడిచి వస్తుంది, ఇద్దరూ కలిసి పరమాణువు. మళ్లీ ఎలక్ట్రాన్, మళ్లీ అయాన్. ఆ మరుసటి ఏడాదే నెవిల్ మాట్ ఇదే ఆలోచనను లోహ ఎజైడ్లకు వర్తింపజేశాడు. ఈయనకే 1977లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది, అది వేరే పనికి.

ఈ పోలికలో ఒక సంగతి నాకు చాలా ఇష్టం. వెండి చుక్క ఏర్పడ్డాక ఊరికే కూర్చోదు. తర్వాత వచ్చే ఎలక్ట్రాన్లకు అదే మంచి ఉచ్చు అవుతుంది. అంతేకాదు, లోహపు చుక్కకు గట్టూ గిట్టూ లేదు, ఎజైడ్ పట్టించుకోని రంగుల కాంతిని కూడా పీలుస్తుంది. అందుకే విఘటనం మొదట్లో నత్తనడక, తర్వాత పరుగు. గ్రాఫు గీస్తే పడుకున్న పాములా మొదలై నిటారుగా లేస్తుంది. కొన్ని ఎజైడ్లను ముందు కాసేపు వెలుతురులో ఉంచి, తర్వాత చీకట్లో వేడిచేస్తే, వెలుతురు చూడనివాటికన్నా త్వరగా విడిపోతాయి. కాంతి నాటిన విత్తనాలు వేడికి మొలకెత్తాయన్నమాట.

కాబట్టి కోట జంక్షన్ గారూ, వేడికి పాత్ర లేదని నేను అనడం లేదు.

---

చిన్న_సూరీడు (అరసవల్లి), ఉదయం 7:20

సూపర్ టాపిక్!! నేను ఇంటర్ సెకండియర్. మాకు సైన్స్ ఛానల్ ఉంది. వెండి ఎజైడ్ కొంచెమే, చిటికెడు చేసి కెమెరా ఫ్లాష్ కొడితే వీడియో మామూలుగా ఉండదు. ఎలా చేయాలో ఎవరైనా చెప్పండి ప్లీజ్, నా దగ్గర

[ఈ పోస్టులో మిగతా భాగం తొలగించబడింది]

---

వంశధార_మోడ్, ఉదయం 7:31

పై పోస్టులో కొంత తీసేశాను. ఈ దారంలో తయారీ గురించి ఎవరూ రాయకూడదు, అడగకూడదు, ప్రైవేటు మెసేజిల్లోనూ వద్దు. ఎందుకు జరుగుతుందో ఎంతైనా మాట్లాడుకోండి. సూరీడూ, నిన్ను తిట్టడం లేదు. ఉండు, చదువు.

---

షిఫ్ట్_బి (పైడిభీమవరం), ఉదయం 8:05

నైట్ డ్యూటీ దిగి ఇప్పుడే చూశాను. సూరీడు తమ్ముడూ, ఒక మాట. చిటికెడే కదా అన్నవాళ్ల వేళ్లు పోయిన కథలు కెమిస్ట్రీలో చాలా ఉన్నాయి. వెండి, సీసం, రాగి ఎజైడ్లు రాపిడికే పేలతాయి, ఫ్లాష్ దాకా ఎందుకు. చెంచాతో గీకడం చాలు.

మేం వాడేది సోడియం ఎజైడ్. బీపీ మాత్రలు లోసార్టాన్, వల్సార్టాన్ పేర్లు విన్నారు కదా, వాటిలో టెట్రజోల్ అనే నాలుగు నైట్రోజన్ల రింగు ఉంటుంది. ఆ నైట్రోజన్లలో మూడు ఎజైడ్ నుంచే వస్తాయి. అంటే మీ ఇంట్లో తాతగారు రోజూ వేసుకునే మాత్ర వెనుక ఈ రసాయనం ఉంది.

నేను కొత్తగా చేరినప్పుడు మా సీనియర్ ఒకాయన "వెలుతురు తగలనీకురా, పేలిపోద్ది" అని భయపెట్టేవాడు. రెండేళ్లు డ్రమ్ము మీద గోనె కప్పి తిరిగాను. తర్వాత ట్రైనింగులో చెప్పారు, దానికి వెలుతురుతో పేచీ లేదు, యాసిడ్‌తోనూ బరువు లోహాలతోనూ పేచీ అని. యాసిడ్ తగిలితే హైడ్రజోయిక్ ఆమ్లం ఆవిరి వస్తుంది, అది విషం, పైగా పేలుతుంది. బరువు లోహాలతో పేచీ కాబట్టి లోహపు గరిటె వాడం, ప్లాస్టిక్‌దే. అదేటో, అసలు ప్రమాదం కన్నా లేని ప్రమాదానికే ఎక్కువ భయపడతాం.

మాస్టారూ, నాకొక సందేహం. సోడియం ఎజైడ్‌కి వెలుతురు సరిపోదన్నారు. సరే. అయినా వేడి చేస్తే పాత కార్ల ఎయిర్‌బ్యాగుల్లో క్షణంలో గ్యాసు అయ్యేది కదా. మరి మామూలుగా కొడితే పేలదేం?

---

పాత_లెక్చరర్, ఉదయం 10:20

ముందు మీ గోనె కథకు నవ్వుకున్నాను. మా రోజుల్లోనూ ప్రతి ల్యాబ్‌లో అలాంటి సీనియర్ ఒకడుండేవాడు.

కొండ మీద బండరాయిని ఊహించుకోండి. వెండి ఎజైడ్ తన వెండి, నైట్రోజన్లకన్నా మోల్‌కి 300 కిలోజూల్స్ పైగా ఎత్తులో కూర్చుంది. సోడియం ఎజైడ్ దాదాపు 21 కిలోజూల్స్ ఎత్తులోనే ఉంది. మొదటిది సింహాచలం మెట్ల మీద రాయి, రెండోది వాకిట్లో అరుగు మీద రాయి. రెండూ దొర్లుతాయి, రెండోది పక్కదాన్ని తన్ని లేపేంత వేగం పుంజుకోదు. వేడి చేస్తూ పోతే సుమారు 300 డిగ్రీల దగ్గర విడిపోతుంది, అంతే.

గ్యాసు మాత్రం బాగా ఇస్తుంది. 65 గ్రాములు ఒక మోల్, దాన్నుంచి ఒకటిన్నర మోల్ నైట్రోజన్, గది ఉష్ణోగ్రతలో 36 లీటర్ల పైమాటే. ఎయిర్‌బ్యాగుకి అది కావలసి వచ్చింది. విషం కాబట్టి 1990ల తర్వాత కంపెనీలు వేరే పదార్థాలకు మారాయి.

---

స్లైడ్_రాణి (విజయనగరం), మధ్యాహ్నం 1:15

నేను ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో టెక్నీషియన్ని. మా రీజెంట్ల లేబుల్ మీద "సోడియం ఎజైడ్ 0.1 శాతం" అని ఉంటుంది, బూజు, బ్యాక్టీరియా పట్టకుండా. ఈ దారం చదివాక గుండె గుభేలుమంది. ఇన్నాళ్లూ మిగిలినవి సింక్‌లో పోసేవాళ్లం. ప్రమాదమా మాస్టారూ?

---

షిఫ్ట్_బి, మధ్యాహ్నం 1:40

అక్కా, భయపడకండి గానీ ఆపేయండి. ఒక్కసారి పోసినది ఏమీ చేయదు. ఏళ్ల తరబడి పోస్తే, పైపుల్లో రాగి గానీ సీసం గానీ ఉంటే, ఆ గోడల మీద రాగి ఎజైడ్, సీసం ఎజైడ్ పేరుకుంటాయి. ప్లంబరు వచ్చి రెంచీ వేసినప్పుడు పేలిన సంఘటనలు విదేశాల్లో 1970లలోనే నమోదయ్యాయి. ప్లాస్టిక్ పైపు అయితే ఆ గొడవ చాలా తక్కువ. అయినా రసాయన వ్యర్థాల డబ్బాలో వేసి ఏజెన్సీకి ఇచ్చేయడమే పద్ధతి. ఇంకోటి, ఆ సింక్‌లో యాసిడ్ పోయొద్దు. పాత లోహపు పైపు విప్పాల్సి వస్తే ముందుగా ఎజైడ్ సంగతి ప్లంబరుకి చెప్పండి.

---

స్లైడ్_రాణి, మధ్యాహ్నం 1:52

ఇప్పుడే సింక్ కింద వంగి చూశాను. తెల్ల ప్లాస్టిక్ పైపే. హమ్మయ్య. రేపే మేనేజర్‌కి చెప్పి వేరే డబ్బా పెట్టిస్తాను. థాంక్స్ తమ్ముడూ.

---

కోట_జంక్షన్, సాయంత్రం 6:30

అందరూ నన్ను వదిలి సింక్ వైపు వెళ్లిపోయారు. నా ఫ్లాష్ ప్రశ్న అలాగే ఉంది. మెల్లగా నల్లబడడం ఎలక్ట్రాన్ పనే, ఒప్పుకుంటున్నా. ఫ్లాష్‌కి పేలడం కూడా అదేనా? నాకు ఇంకా అది వేడి అనే అనిపిస్తోంది.

---

పాత_లెక్చరర్, రాత్రి 8:10

ఇక్కడ మీరు అనుకున్నదానికన్నా ఎక్కువ బలం మీ వైపే ఉంది. 1950లలో కేంబ్రిడ్జ్‌లో బౌడెన్, యాఫ్ బృందం సరిగ్గా ఈ విషయం మీదే పనిచేసింది. ఫ్లాష్ కాంతి చాలా కొద్ది సమయంలో స్ఫటికం పైపొరలోనే ఆగిపోతుంది. ఎలక్ట్రాన్లు లేచి, రాడికల్స్ జతకట్టి, వాటి శక్తీ వేడిగా అక్కడే మిగులుతుంది. ఆ వేడి లోపలికి పాకి చల్లారడానికి టైం చాలదు. పైపొరలో చిన్న వేడి చుక్క పుడుతుంది. అది ఒక హద్దు దాటిందా, పక్కనున్నది విడిపోతుంది, ఆ వేడికి దాని పక్కది.

మందమైన వెలుతురులో పుట్టిన వేడి పుట్టినట్టే చెదిరిపోతుంది. అందుకే నల్లబడడంతో సరి. కాబట్టి నా లెక్కలో అగ్గిపుల్ల గీసింది ఎలక్ట్రాన్, ఇల్లు అంటుకుంది వేడితో. ఏ దశలో ఏది ఎంత అన్నదాని మీద పరిశోధకులు చాలాకాలం వాదించుకున్నారు, కాబట్టి మీరు మంచి సావాసంలోనే ఉన్నారు.

---

కోట_జంక్షన్, రాత్రి 8:14

సగం మార్కులు వచ్చాయి. అందరూ గమనించగలరు.

---

నాగావళి_గట్టు, రాత్రి 9:05

ఇవన్నీ రాసుకున్నాను. మా గైడ్ గారు "స్ఫటికాలతో ఆగకు, కాంప్లెక్సులు కూడా చెప్పు" అన్నారు. ద్రావణంలో ఒక్కో లోహానికి ఎజైడ్ తగిలించి ఉన్నప్పుడు కూడా ఇదే జరుగుతుందా?

---

పాత_లెక్చరర్, రాత్రి 10:25

అక్కడ కథకి రెండు దారులు. నాకు స్ఫటికాలకన్నా ఇదే ఎక్కువ రుచి, కాస్త పెద్దగా రాస్తాను, ఓపిక పట్టు.

లోహానికి మూడు నైట్రోజన్ల గొలుసు వేలాడుతోంది అనుకో. కాంతి పడితే అది ఎక్కడ తెగుతుంది?

మొదటి దారి, లోహం పక్కనే తెగడం. ఎలక్ట్రాన్ లోహానికి వెళుతుంది, గొలుసు మొత్తం ఎజైడ్ రాడికల్‌గా ఊడిపోతుంది. ఐదు అమ్మోనియాలు, ఒక ఎజైడ్ ఉన్న కోబాల్ట్ కాంప్లెక్సు దీనికి ఉదాహరణ. +3 కోబాల్ట్ ఒక ఎలక్ట్రాన్ తీసుకుని +2 అవుతుంది, అమ్మోనియాలు కూడా చెదిరిపోతాయి. స్ఫటికంలో జరిగినదే ఇక్కడ ఒంటరిగా జరిగింది.

రెండో దారి తమాషా. గొలుసు చివరి రెండు నైట్రోజన్లు అణువుగా ఎగిరిపోతాయి, ఒక్క నైట్రోజన్ మాత్రం లోహాన్ని పట్టుకుని ఉండిపోతుంది. ఒంటరి నైట్రోజన్‌కి ఎలక్ట్రాన్ల కరువు, లోహం దగ్గరే లాక్కుంటుంది. మొదటి దారిలో లోహం ఎలక్ట్రాన్ పుచ్చుకుంది, ఇందులో ఇచ్చుకుంటుంది. +3 కాస్తా +5 అయి, లోహానికీ నైట్రోజన్‌కీ మధ్య గట్టి బంధం పడుతుంది. దీన్ని నైట్రిడో కాంప్లెక్సు అంటారు. క్రోమియం, మాంగనీసుల్లో ఇది చక్కగా జరుగుతుంది. అదే ఐదు అమ్మోనియాల కాంప్లెక్సులో కోబాల్ట్ బదులు ఇరిడియం ఉంటే, అది కూడా నైట్రోజన్‌ని పోగొట్టుకునే దారే పడుతుంది. ఒకే గ్రూపు లోహాలు, చూడు, దారులు వేరు.

ఇనుము సంగతి మరీ విశేషం. 2006లో ఒక ఇనుము ఎజైడ్ కాంప్లెక్సును 77 కెల్విన్ దగ్గర, అంటే ద్రవ నైట్రోజన్ చలిలో గడ్డకట్టించి కాంతి పంపారు. నైట్రోజన్ అణువు పోయింది, ఇనుము +6 స్థితికి చేరింది. మనకు తెలిసిన ఇనుము +2, +3. +6 అంతకుముందు ఫెర్రేట్‌లోనే తెలుసు. అంత చలి ఎందుకంటే, పుట్టినది మహా ఆకలి మీద ఉంటుంది, కాస్త వెచ్చదనం ఇచ్చినా పక్కదాన్ని పట్టి తినేస్తుంది. ఇంత పనికి వాడింది మళ్లీ కాంతే. వేడితో చేస్తే పుట్టిన చోటే చచ్చేది. చలిలోనూ పని చేయించగలగడం, కోట జంక్షన్ గారూ, కాంతికి ఉన్న అసలు సుగుణం.

---

స్లైడ్_రాణి, రాత్రి 10:50

దీనివల్ల మనుషులకు ఉపయోగం ఏమైనా ఉందా మాస్టారూ? మా ఫీల్డ్ నుంచి అడుగుతున్నా.

---

పాత_లెక్చరర్, రాత్రి 11:10

ప్రయత్నం గట్టిగా జరుగుతోందమ్మా. కేన్సర్‌కి వాడే సిస్‌ప్లాటిన్ తెలుసు కదా, అందులో ప్లాటినం +2. అది మంచి కణం, చెడ్డ కణం చూడదు, అందుకే రోగికి అంత అవస్థ. బ్రిటన్‌లో పీటర్ శాడ్లర్ బృందం 2000ల మొదటి సంవత్సరాల నుంచి రెండు ఎజైడ్లు తగిలించిన +4 ప్లాటినం కాంప్లెక్సుల మీద పనిచేస్తోంది. చీకట్లో అవి నోరెత్తవు. కాంతి పడిన చోట మాత్రం ఎజైడ్లు ఎలక్ట్రాన్లు ఇచ్చి ఊడిపోతాయి, ప్లాటినం +2 అయి డీఎన్‌ఏని పట్టుకుంటుంది, ఊడిన ఎజైడ్ రాడికల్స్ కూడా కణాన్ని దెబ్బతీస్తాయి. గడ్డ ఉన్న చోటే కాంతి వేస్తే అక్కడే మందు. ఇంకా ఆస్పత్రి మందు కాలేదు, ల్యాబ్ దశ. నీలి కాంతికి పనిచేసేవి వచ్చాయి గానీ, చర్మంలోంచి లోతుకి పోయేది ఎర్ర కాంతి. దాని ఫోటాన్‌లో దమ్ము తక్కువ. మళ్లీ మన గట్టు ఎత్తు లెక్కే.

---

పలాస_జీడి, రాత్రి 11:15

అరసవల్లిలో సూర్యకిరణాలు స్వామి పాదాలు తాకేది మార్చిలో, అక్టోబరులో కొద్ది రోజులే. ఆ రోజు మబ్బు పడితే వెళ్లినవాళ్లంతా ఉసూరుమంటారు. కేన్సర్ డాక్టరు కూడా లైటు సరిగ్గా గడ్డ మీద పడేలా అలా ముహూర్తం చూసుకోవాలన్నమాట.

---

పొందూరు_టీచరమ్మ, మరుసటి రోజు సాయంత్రం 5:40

నేను హైస్కూల్లో సైన్స్ చెబుతాను. నిన్నటి నుంచి చిన్న సూరీడు గురించే ఆలోచిస్తున్నా. పిల్లాడికి కళ్లతో చూడాలని ఉంది, అది తప్పు కాదు. ఎజైడ్ జోలికి పోకుండా ఇదే ఎలక్ట్రాన్ గెంతును చూపించే పని ఒకటి ఉంది, పాత బ్లూప్రింట్. జాన్ హెర్షెల్ 1842లో కనిపెట్టాడు.

ఫెర్రిక్ అమోనియం సిట్రేట్, పొటాషియం ఫెర్రిసయనైడ్ ద్రావణాలు కలిపి బట్టకు పూసి చీకట్లో ఆరబెట్టాలి. కాంతి పడితే సిట్రేట్ నుంచి ఎలక్ట్రాన్ ఇనుముకి గెంతుతుంది, ఇనుము +3 నుంచి +2 అవుతుంది. ఎలక్ట్రాన్ పోయిన సిట్రేట్ విరిగి, అందులో ఒక ముక్క కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది. మాస్టారు చెప్పిన మాయమైన సీటు ఇదే! అక్కడ నైట్రోజన్, ఇక్కడ కార్బన్ డయాక్సైడ్. మిగిలిన +2 ఇనుము ఫెర్రిసయనైడ్‌తో కలిసి నీలం. కాంతి పడని చోట నీళ్లతో కడిగితే పోతుంది.

సూరీడూ, ఇది మీ కెమిస్ట్రీ సార్ పక్కనుండగానే చెయ్యి. చేతికి గ్లవ్స్ వేసుకో. ఫెర్రిసయనైడ్‌ని వేడి చేయకు, బలమైన యాసిడ్ కలపకు, విషవాయువు వస్తుంది.

నేను ఆదివారం మా పిల్లలతో ఖద్దరు ముక్క మీద చేసి చెబుతాను. కోట జంక్షన్ గారి వేడికీ ఒక పరీక్ష పెడతాను.

---

చిన్న_సూరీడు, సాయంత్రం 6:02

సారీ అందరికీ. వేళ్ల సంగతి చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. టీచర్ గారూ, మా సార్‌ని అడిగాను, సరే అన్నారు. ఛానల్‌లో ఇదే పెడతాం.

---

పొందూరు_టీచరమ్మ, ఆదివారం మధ్యాహ్నం 3:25

అయింది. పదకొండు గంటలకు డాబా మీద పెట్టాం. పొందూరు సన్న ఖద్దరు, ఒకే బట్టను ఐదు పట్టీలుగా కత్తిరించాం.

ఒకటి ఖాళీగా. ఒకదాని మీద మామూలు అద్దం. ఒకదాని మీద ఎర్ర సెల్లోఫేన్, ఒకదాని మీద నీలి సెల్లోఫేన్. ఐదోది నల్ల కాగితంలో పూర్తిగా చుట్టాం, కోట జంక్షన్ గారి పేరు మీద. పదిహేను నిమిషాలు ఉంచి కడిగాం.

ఖాళీది ముదురు నీలం. అద్దం కింద దాదాపు అంతే, ఒక పిసరు తక్కువ. నీలి కాగితం కింద బాగానే వచ్చింది. ఎర్ర కాగితం కింద పసుపుపచ్చగానే ఉండి, కడిగితే తెల్లబట్ట. నల్ల కాగితం పొట్లం అన్నిటికన్నా వేడిగా ఉంది, మా ఎనిమిదో తరగతి పిల్ల పట్టుకుని "అమ్మో" అని వదిలేసింది. విప్పి కడిగితే తెల్లబట్టే. వేడి అంతా దానికే తగిలింది, నీలం రాలేదు.

ఒక జీడి ఆకు పెట్టి కూడా ఒకటి చేశాం. ఈనెలు కూడా పడ్డాయి, ముచ్చటగా ఉంది.

---

కోట_జంక్షన్, మధ్యాహ్నం 3:50

ఒప్పుకున్నాను. నా పేరు మీద పెట్టిన పట్టీయే నన్ను ఓడించింది. ఫ్లాష్ విషయంలో నా సగం మార్కులు మాత్రం ఎవరికీ ఇవ్వను.

---

పాత_లెక్చరర్, సాయంత్రం 4:30

ఇవ్వక్కర్లేదు, అవి మీవే. టీచరమ్మా, నల్ల పొట్లం ఆలోచన నాకు రాలేదు. ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను, పిల్లల చేత ఒక్కసారి ఇలా చేయించలేదు.

---

నాగావళి_గట్టు, సాయంత్రం 5:10

మేడమ్, మంగళవారం నా సెమినార్. ఆ ఐదు పట్టీలూ, జీడి ఆకూ ఒక్క రోజుకి ఇస్తారా? స్లైడు కన్నా అవి చేతికిస్తే ఎక్కువ అర్థమవుతుంది. జాగ్రత్తగా తిరిగి ఇస్తాను.

---

పొందూరు_టీచరమ్మ, సాయంత్రం 5:32

రేపు ఉదయం శ్రీకాకుళం వస్తున్నాను నాన్నా, ఎనిమిదింటికి బస్ కాంప్లెక్స్ దగ్గర ఉండు. మురికైతే ఉత్తి నీళ్లతో జాడించు, సబ్బు పెట్టావంటే నీలం పోతుంది.